చూడని బేరములో ధర్మము



మనము వలస వచ్చి స్థిరపడినవారము. మన తాతలు షోలాపూరు మిల్లులకని, కోలారు గనులకని, మద్రాసులో కూలిపనులకని తెలుగు నేల విడిచి వచ్చి ఇక్కడనే ఇండ్లు కట్టుకొన్నారు. ఇప్పుడు మన పిల్లలు ఆ ఇండ్లలో నుండి మరల కదులుచున్నారు. బెంగుళూరులో ఉద్యోగమున్నవాడు పూనాకు, చెన్నైలో చదివిన అమ్మాయి దుబాయికి పోతున్నారు. ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిన ప్రతిసారి మంచము, బీరువా, ఫ్రిజ్, కుట్టుమిషను ఏమి చేయవలెనను ప్రశ్న వస్తుంది. పాత సామానువాడు చెప్పినదే ధర. కాబట్టి ఫొటో తీసి ఫోనులో అమ్మకానికి పెడుతున్నారు. మరి కొందరు సహోదరీలు ఇంట కుట్టిన గౌన్లు, లంగాజాకెట్లు ఆన్‌లైనులో అమ్మి కుటుంబమునకు ఆసరాగా ఉన్నారు. ఇది మంచిదే. కష్టపడి సంపాదించుటలో తప్పు లేదు.

అయితే మా స్త్రీల సమాజములో ఒక సహోదరి ఒక ప్రశ్న వేసినది. "కొనేవారు అడగని లోపమును నేనై నేను చెప్పవలెనా? అక్కడ అంతా మోసమే గదా, నేనొక్కదానను ఉన్నదున్నట్టు చెప్పి నష్టపోవాలా?" అక్కడున్న వారిలో సగము మంది చెప్పాలన్నారు, సగము మంది నవ్వి ఊరుకున్నారు. నవ్వి ఊరుకున్న వారిని నేను తప్పుపట్టను. ఈ అమ్మకములో ఎంత మిగులుతుందో లెక్క వేసినవారికి ఆ నవ్వు అర్థమవుతుంది. కాబట్టి ధర్మము మాట్లాడక ముందు లెక్క చూద్దాము.

ఒక సహోదరి 500 రూపాయలకు ఒక గౌను అమ్మినదనుకొందాము. అమ్మించిన కంపెనీ నూటికి 12 చొప్పున కమిషను తీసుకొంటే 60 రూపాయలు. ఒక్కొక్క అమ్మకమునకు స్థిరమైన రుసుము 20. రవాణా 80. ఈ మూడూ కలిపి 160. ఈ సేవలపై జి.ఎస్.టి. నూటికి 18 గనుక 28 రూపాయల 80 పైసలు. మొత్తము 188 రూపాయల 80 పైసలు పోగా చేతికి 311 రూపాయల 20 పైసలు. గుడ్డ, లైనింగు, దారము, గుండీలు 240, కవరు, టేపు 12. మిగిలినది 59 రూపాయల 20 పైసలు. రెండు రోజులు మెడ వంచి కుట్టినందుకు అది కూలి. ఈ అంకెలు నేను లెక్క కొరకు వేసుకొన్నవే. కంపెనీని బట్టి, వస్తువును బట్టి మారుతాయి. గాని లెక్క నడిచే తీరు ఇదే. ఆ గౌను సైజు సరిపోలేదని తిరిగి వచ్చినదా, ఆ కూలి కూడ పోయి చేతిలో నుండి పడవలసి రావచ్చును.

తపాలా ఖర్చు సంగతి చాలామందికి అమ్మిన తరువాత గాని తెలియదు. 2025 సెప్టెంబరు 1 నుండి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసినారు. అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి స్పీడ్ పోస్టు రేట్లు మారినవి. 50 గ్రాముల లోపు కాగితాల కవరు వేరే ఊరికి పంపుటకే 47 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. కలిపితే 55 దాటుతుంది. పాత తపాలా బిళ్ళలు, పాత ఫొటోలు అమ్ముకొనేవారికి కొన్నిసార్లు వస్తువు కంటె కవరు ఖరీదు ఎక్కువ. ఇక పార్సిలు అయితే బరువు, దూరము రెండూ చూస్తారు. చాలా కొరియర్ సంస్థలు మరొక లెక్క కూడ వేస్తారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె అయితే 7.2 కిలోలు. లోపల ఉన్నది రెండు కిలోల దిండ్లే అయినను ఏడు కిలోలకు పైగా కట్టవలసినదే. పెద్ద పెట్టెలో చిన్న వస్తువు పెట్టి పంపే సహోదరులు గమనించగలరు.

వలసవారమైన మనకు ఇంకొక చిక్కున్నది. 2023 అక్టోబరు 1 నుండి చిన్న అమ్మకందారులు ఇటువంటి కంపెనీల ద్వారా తమ రాష్ట్రములోనే అమ్ముకొంటే, పరిమితి దాటనంతవరకు జి.ఎస్.టి. రిజిస్ట్రేషను అక్కరలేదు, ఒక నమోదు సంఖ్య తీసుకొంటే చాలును. రాష్ట్రము దాటి అమ్మితే సాధారణముగా రిజిస్ట్రేషను ఉండవలెను. బళ్ళారిలో కుట్టినది బీదరుకు పంపవచ్చును. ప్రక్కనే ఉన్న అనంతపురములోని మన చుట్టములకు అదే కంపెనీ ద్వారా అమ్మితే వేరే లెక్క. మన కొనుగోలుదారులు ఎక్కువమంది తెలుగు జిల్లాలలోనే ఉంటారు గనుక ఇది మొదటే తెలిసికొనుట మేలు. ఇంట్లో వాడిన పాత మంచము అమ్ముకొనే వారికి మాత్రము ఈ గొడవ లేదు.

ఇన్ని ఖర్చులు చూచిన తరువాత మనిషికి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, ఖర్చును ఎక్కడో దాచిపెట్టుట. వస్తువు 99 రూపాయలని పెద్ద అక్షరాలతో వేసి, తపాలాకు 150 అని చివర చిన్నగా వేస్తారు. ఇది పాత విద్యయే. అమెరికాలో ఈబే అను కంపెనీ ఒకప్పుడు వస్తువు ధర మీదనే కమిషను తీసుకొనేది. కొందరు వస్తువు ధర తగ్గించి తపాలా పెంచి కమిషను ఎగవేసినారు. 2011 నుండి ఆ కంపెనీ అక్కడ తపాలా సొమ్ము మీద కూడ కమిషను వేయసాగినది. నిజాయితీగా తపాలా వేసినవాడు కూడ అప్పటినుండి కట్టుచున్నాడు. "డెలివరీ ఉచితము" అని చెప్పి ఆ ఖర్చు ధరలో కలుపుట అబద్ధమా అని ఒక యౌవనస్థుడు నన్నడిగినాడు. కట్టవలసిన మొత్తము మొదటే కనబడుచున్నంతవరకు నేను దానిని అబద్ధమనను. మాట కొంచెము అతిశయము, అంతే. 99 అని పిలిచి 249 తీసుకొనుటను మాత్రము నేను మన్నించలేను.

రెండవ ఆలోచన కంపెనీని తప్పించుట. కొనేవాడు అక్కడ దొరికిన తరువాత, "నాకు నేరుగా ఫోను చేయండి, కమిషను మిగులుతుంది, ఇద్దరము పంచుకొందాము" అంటారు. ఎవరికిని నష్టము లేదనిపిస్తుంది. గాని ఆ కంపెనీ దుకాణములో నిలబడి దొరికించుకొన్న మనిషిని దొడ్డిదారిన బయటికి తీసికొనిపోవుట గదా ఇది? ఒప్పుకొన్న షరతును మీరుట తప్పు, కంపెనీ ఎంత పెద్దదైనను. ఇంకొక సంగతి కూడ ఉన్నది. మనము కమిషను పేరిట ఎక్కువగా కొంటున్నది నమ్మకమును. సొమ్ము వారి చేతిలో ఆగి, వస్తువు చేరిన తరువాత మనకు వస్తుంది. మన పెద్దలకు ఇది కొత్త కాదు. మద్రాసు నుండి, రాజమండ్రి నుండి పుస్తకాలు వి.పి.పి.లో తెప్పించుకొన్న వారికి గుర్తుండును. డబ్బు కట్టినగాని పోస్టుమాను పార్సిలు ఇచ్చేవాడు కాడు, కట్టిన డబ్బు పోస్టాఫీసే అమ్మినవానికి చేర్చేది. ఒకరినొకరు చూడని ఇద్దరి మధ్య పోస్టాఫీసు మధ్యవర్తిగా నిలిచినది. రుసుము లేని చోట ఆ మధ్యవర్తి ఉండడు. అందువలననే మోసగాడు తరచుగా మొదట అడిగేది, "ఇక్కడ వద్దు, వాట్సాప్‌లో మాట్లాడుదాము" అని.

ఆ మోసము నడిచే తీరు మన వారందరికి తెలియవలెను. మీరు సోఫా అమ్మకానికి పెడతారు. పది నిమిషాలలో ఫోను వస్తుంది. తాను సైన్యములో ఉన్నానని, వేరే ఊరికి బదిలీ అయినదని అంటాడు. యూనిఫారముతో ఫొటో, గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. ధర తగ్గించమని ఒక్క మాట కూడ అడగడు. మన దేశములో పాత సోఫాకు బేరమాడని మనిషిని చూస్తే అక్కడే అనుమానము రావలెను! తరువాత ఒక క్యూఆర్ కోడ్ పంపి, "దీనిని స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అంటాడు. ముందు ఒక రూపాయి, అయిదు రూపాయలు పంపి చూపించుట కూడ కలదు. పిన్ కొట్టగానే మన డబ్బు వాని ఖాతాకు పోతుంది. 2021 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి ఇంటివారే సోఫా అమ్మబోయి ఈ విధముగా 34 వేల రూపాయలు పోగొట్టుకొన్నారని పత్రికలలో వచ్చినది. యూపీఐలో డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. ఈ ఒక్క సంగతి మన సండే స్కూలు పిల్లలు తమ అవ్వలకు నేర్పించవచ్చును.

డబ్బు పంపమని ఒక వ్యక్తి ఇంకొక వ్యక్తికి ఫోనులో అడుగు పంపే పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసినది. ఒక తలుపు మూసినారు. మిగిలినవి తెరిచే ఉన్నవి. బ్యాంకు పంపినట్టుగా ఒక దొంగ మెసేజి పంపి, "అయ్యో, పదివేలకు బదులు లక్ష వేసినాను, మిగతాది వెనుకకు పంపండి, ఆసుపత్రి ఖర్చుకు దాచినది" అని ఏడుస్తారు. మెసేజి చూచి నమ్మక, బ్యాంకు యాప్‌లో నిలువ ఎంతో చూచుకొన్న తరువాతనే మాట్లాడవలెను.

మోసపోయిన వారిని గూర్చి మన మధ్య జరిగే మాటలు నాకు బాధ కలిగించుచున్నవి. "ఆశ పడినది, పోగొట్టుకొన్నది" అంటారు. లాటరీ తగిలినదని చెప్పి దోచుకొనే మోసములో ఆ మాటకు కొంత చోటున్నదేమో. సోఫా అమ్మినవాళ్ళు ఏమి ఆశపడినారు? తాము వేసిన ధర తమకు రావలెనని మాత్రమే. మా ఎరుకలో మోసపోయిన ఒక సహోదరి ఆ మనిషిని రెండవసారి ప్రశ్నించలేదు. కారణమడిగితే, "దేశము కొరకు ఉన్నవాడు గదా అన్నా, అనుమానిస్తే ఏమనుకొంటాడో అనిపించినది" అన్నది. ఆమెలోని మర్యాదను పట్టుకొని లాగినాడు వాడు. ఆమె ఆ సంగతి భర్తకు రెండు వారాలు చెప్పలేదు, మందిరములో ఎవరికిని అసలే చెప్పలేదు. మన నోళ్ళకు భయపడి ఆమె పోలీసులకు చెప్పవలసిన సమయము దాటిపోయినది. ఆ నష్టములో దొంగ వాటా దొంగది. మన వాటా కూడ ఉన్నది.

ఈ మోసము వలన నష్టపడేది ఆమె ఒక్కతే కాదు. నిజముగా సైన్యములో ఉండి, నిజముగా బదిలీ అయి, మోటారు సైకిలు అమ్ముకొనవలసిన కుర్రవాడు ఉంటాడు. ఇప్పుడు వాని మాట ఎవరు నమ్ముతారు? నమ్మకము ఊరి చెరువువంటిది. ఒకడు అందులో విషము కలిపితే త్రాగినవాడు ఒకరోజు బాధపడతాడు గాని, ఊరంతా ఆ చెరువు మాని దూరమునుండి బిందెలు మోసుకోవలసి వస్తుంది. ఈ కమిషన్లు, ఓ.టి.పి.లు, రశీదులు, ఫొటోలు చాలామట్టుకు ఆ బిందెల మోతయే.

ఇక సహోదరి వేసిన ప్రశ్నకు వస్తాను. ఆ ప్రశ్న చాలా పాతది. రోమా పట్టణపు పండితుడు సిసిరో క్రీ.పూ. 44లో తన కుమారునికి కర్తవ్యములను గూర్చి ఒక గ్రంథము వ్రాసినాడు. అందులో ఒక సమస్య ఇస్తాడు. రోడ్సు ద్వీపములో కరవు. అలెగ్జాండ్రియా నుండి ఒక వర్తకుడు ఓడనిండ ధాన్యముతో వచ్చినాడు. తన వెనుక మరికొన్ని ధాన్యపు ఓడలు బయలుదేరినవని అతనికి తెలుసు, ఊరివారికి తెలియదు. చెప్పితే ధర పడిపోతుంది. చెప్పవలెనా? చెప్పనంత మాత్రాన దాచినట్టు కాదని బాబిలోను వాడైన డయోజెనీసు అన్నాడట. కొనేవానికి తెలియనిదేదియు అమ్మేవాడు ఉంచుకొనకూడదని అతని శిష్యుడు అంటిపాటరు అన్నాడట. తరువాత ఇంకొక సమస్య. ఒకడు ఇల్లు అమ్ముచున్నాడు. పడకగదులలో పాములు తిరుగుతాయి, దూలాలు పాడైనవి. ఆ సంగతి యజమానికి తప్ప వేరెవరికిని తెలియదు. సిసిరో రెండింటిలోను దాచకూడదనియే తీర్పు చెప్పినాడు.

నాకు ఓడల విషయములో పూర్తిగా ఒప్పుదల లేదు. మన దినములలో బజారు ధర ఇద్దరికిని ఒకేలాగు తెలుస్తుంది. నా గౌను వంటిది ప్రక్క వీధిలో యాభై తక్కువకు దొరుకుతుందని నేనే ప్రకటించనక్కరలేదు. కొనేవాడు కూడ ఫోను తెరిచి చూచుకోగలడు. పాముల ఇంటి సంగతి వేరు. అది నా ఒక్కనికే తెలుసు, అతడు ఏ విధముగాను తెలిసికొనలేడు. ఫోనులోని బేరమంతా ఈ పాముల ఇంటి వంటిదే. సంతలో మన అమ్మ కుండను వ్రేలితో కొట్టి మ్రోత విని కొనేది. బియ్యము నోట వేసికొని కొరికి చూచేది. చీర అంచు నలిపి, రంగు పోతుందేమో తడి చేతితో రుద్ది చూచేది. అక్కడ అమ్మేవాడు నోరు మూసుకొన్నను ఆమె చేతులు, కన్నులు, నాలుక ప్రశ్నలు అడిగేవి. ఫోనులో ఆ చేతులు లేవు. గీతలు పడని వైపు నుండి ఫ్రిజ్ ఫొటో తీస్తే, కొనేవాని కన్ను కూడ మనమే మూసినట్టు. ఏమి అడగవలెనో తెలియని వానిని "అడగలేదు గదా" అనుట న్యాయము కాదు. దొంగ తూకపు రాళ్ళను గూర్చి లేఖనములు ఎంత కఠినముగా చెప్పుచున్నవో మనకు తెలుసు. చూడని బేరములో అమ్మేవాని మాట, అతడు తీసిన ఫొటో, ఇవే తూకపు రాళ్ళు.

లోపము చెప్పితే ఎవరు కొంటారు అంటారా? ఈబే కంపెనీ 1995లో మొదలైనప్పుడు అందులో మొదట అమ్ముడుపోయినది పనిచేయని ఒక లేజరు పాయింటరు అని ఆ కంపెనీవారే చెప్పుకొంటారు. 14 డాలర్ల 83 సెంట్లు పలికినదట. కంపెనీ స్థాపకుడు పియరీ ఒమిడ్యార్, అది పాడైనదని తెలుసునా అని కొన్నవానిని మరల అడిగితే, పాడైనవాటినే తాను సేకరిస్తానని అతడు జవాబిచ్చినాడట. అందరికిని అటువంటివాడు దొరకడు. ధర తగ్గుతుంది, ఆ మాట నిజమే. రిపేరు తెలిసినవాడు, విడిభాగాలకు కావలసినవాడు తక్కువ ధరకు తీసికొంటాడు. తగ్గిన ఆ నాలుగు వందలు మనవి కావు, మొదటినుండి ఆ లోపమువి.

చట్టము ఈ విషయములో ఎంతవరకు వస్తుందో తెలిసికొనుట మంచిది. 1930 నాటి వస్తు విక్రయ చట్టము, కొనేవాడే జాగ్రత్త పడవలెనను సూత్రముతో మొదలుపెట్టి కొన్ని మినహాయింపులు ఇచ్చినది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమములు మరి కొంత ముందుకు పోయి, తపాలా, ప్యాకింగు, పన్ను కలిపిన మొత్తము ధరను, దాని వివరముతో సహా చూపవలెనన్నవి. గాని తన ఇంటి పాత సామాను ఎప్పుడో ఒకసారి అమ్ముకొనే మామూలు మనిషికి ఆ నియమములు వర్తించవు. అనగా మనలో ఎక్కువమంది చేసే అమ్మకము సరిగా ఆ ఖాళీలోనే జరుగుచున్నది. అక్కడ మన మనస్సాక్షి తప్ప తనిఖీ చేసే ఆఫీసరు లేడు.

అమ్మేవారికే ఇంత చెప్పి కొనేవారిని విడిచిపెట్టుట పక్షపాతమగును. మన పిల్లలు ఒకే చొక్కా మూడు సైజులలో తెప్పించి రెండు వెనుకకు పంపుచున్నారు. పెండ్లికి ఒక్కరోజు కట్టుకొని, చీటీ తీయకుండ దాచి, మరునాడు తిరిగి పంపినవారిని గూర్చి కూడ వింటున్నాను. కంపెనీకి అది లెక్క కాదనుకొంటారు. అవతల 59 రూపాయల కూలికి కుట్టిన ఒక అక్క ఉండవచ్చునని వారికి తోచదు. తెప్పించుకొని డెలివరీ కుర్రవాడు తలుపు తట్టినప్పుడు "వద్దు" అనుట కూడ అటువంటిదే. పూర్వము వి.పి.పి. తీసికొనక త్రిప్పి పంపినవారి మూలముగా రెండు వైపుల తపాలా మోసి చితికిన చిన్న పుస్తకాల దుకాణములు ఉండేవి.

చివరగా ఒక అవసరమైన మనవి. డబ్బు పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. చట్టపు సంవత్సరము, ఈ నంబరు ఒకటే గనుక జ్ఞాపకము పెట్టుకొనుట సులభము. ఎంత త్వరగా చేస్తే దొంగ ఖాతాలో సొమ్ము ఆపుటకు అంత అవకాశము. మన పెద్దలలో కొందరికి తెలుగు తప్ప కన్నడము, మరాఠీ, ఒడియా ధారాళముగా రావు, అటువైపు వారికి తెలుగు రాకపోవచ్చును. కాబట్టి ప్రతి సంఘములోను స్థానిక భాష బాగుగా వచ్చిన ఇద్దరు యౌవనస్థుల పేర్లు మందిరపు బోర్డు మీద వ్రాసి ఉంచవలెనని సంఘ పెద్దలను కోరుచున్నాను. ఫోను చేయునప్పుడు బ్యాంకు లావాదేవీ సంఖ్య, డబ్బు పోయిన సమయము, అవతలివాడు వాడిన ఫోను నంబరు, యూపీఐ ఐడి చేతిలో ఉంచుకోవలెను. వారిచ్చిన ఫిర్యాదు సంఖ్యను కాగితము మీద వ్రాసుకొని, మరునాడు అదే కాగితముతో బ్యాంకుకు పోవలెను.